ఏడు హాలీకి ఆరు కల్దార్

మీ ఇంట్లో పాత సందుక ఉంటే ఈ అధ్యాయం చదివే ముందే దాన్ని తెరిచి చూడండి. గోలేటి చుట్టుపక్కల, రెబ్బెన నుంచి ఆసిఫాబాద్ దాకా, తాండూరు నుంచి కాగజ్‌నగర్ దాకా, అవ్వల సందుకల అడుగున పట్టుచీర మడతలోనో పసుపు గుడ్డ మూటలోనో ఒకటి రెండు వెండి రూపాయలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. ఒక వైపు చార్మినార్ ఉంటుంది. రెండో వైపు మనలో చాలామందికి చదవరాని లిపి ఉంటుంది. అటూ ఇటూ తిప్పి చూస్తాం. వెంటనే నోటికొచ్చే మాట ఒక్కటే: "దీనికి ఎంతొస్తది?"

అడగకూడని ప్రశ్న కాదు అది. కానీ మొదట అడగవలసిన ప్రశ్న మాత్రం కాదు. వస్తువు గురించి ఏమీ తెలియకుండా ధర అడిగితే ఎదుటివాడు చెప్పిందే ధర అవుతుంది. ముందు చదివి, తూచి, రాసుకుని, ఆ తర్వాత అంగడికి వెళ్తే చెప్పిన ధర న్యాయమో కాదో మనకే తెలుస్తుంది. నిర్ణయం తీసుకునే శక్తి అంటే చాలామంది ధైర్యం అనుకుంటారు. నా దృష్టిలో అందులో ధైర్యం పాలు తక్కువ, ఓపికగా తూచి చూసే అలవాటు పాలు ఎక్కువ. ఆ అలవాటును సాధన చేయడానికి నిజాం కాలపు హాలీ సిక్కా కంటే మంచి పాఠం మన ప్రాంతంలో నాకు కనిపించలేదు. ఎందుకంటే మన తాతలు, ముత్తాతలు ఈ లెక్కతోనే బతికారు.

నది దాటితే మారే రూపాయి

1929 నాటికి కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ రెబ్బెనలోనే ఉంది. అక్కడ రైలెక్కి ఉత్తరానికి పోతే కాగజ్‌నగర్, సిర్పూర్ దాటి వార్ధా నది వస్తుంది. ఇప్పుడు ఆ వంతెన మీద మనం కిటికీలోంచి నీళ్లు చూసి మళ్లీ ఫోన్లో మునిగిపోతాం. అప్పుడు ఆ నది ఒక సరిహద్దు. ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం, అవతలి ఒడ్డు బ్రిటిష్ వారి చాందా జిల్లా. ఇవతల చెలామణీ అయ్యేది హాలీ సిక్కా, అవతల నడిచేది ఇంగ్లీషు రాజు బొమ్మ ఉన్న కల్దార్ రూపాయి. రెండింటి పేరూ రూపాయే. రెండూ వెండివే. పక్కపక్కన పెడితే సైజులో పెద్ద తేడా కనిపించదు. కానీ రెండూ సమానం కావు.

అధికారికంగా మారకం లెక్క ఇలా ఉండేది: 100 కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. అణాకు 12 పైలు, రూపాయికి 16 అణాలు. చూడటానికి చిక్కుముడిలా ఉన్న ఈ అంకెను విప్పితే చాలా సులువైన మాట బయటికొస్తుంది: ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. నూటిని ఏడుతో హెచ్చించి ఆరుతో భాగించి చూడండి, పైలతో సహా అదే వస్తుంది.

ఈ ఏడూ ఆరూ ఎవరి ఇష్టాన్ని బట్టీ వచ్చినవి కావు. నాణేల లోపల చూస్తే కారణం దొరుకుతుంది. ఏడో నిజాం కాలపు ఉస్మానియా హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు. అందులో నూటికి 81.8 పాళ్లు వెండి, మిగిలింది కలిపిన లోహం. అంటే అసలు వెండి 9.14 గ్రాములు. కల్దార్ తూకం 11.66 గ్రాములు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. అంటే 10.69 గ్రాములు. 10.69ని 9.14తో భాగిస్తే 1.17 వస్తుంది. ఏడును ఆరుతో భాగించినా దాదాపు అంతే. సర్కారు కాగితాల్లో ఉన్న మారకం రేటు, నాణెంలో ఉన్న వెండి ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. మీరూ వేయండి. పిల్లల చేత వేయించండి. భాగహారం ఎందుకు నేర్చుకోవాలని అడిగే ఆరో తరగతి పిల్లవాడికి ఇంతకంటే మంచి జవాబు ఉండదు.

సరిహద్దు మీద బతికేవాడికి ఈ లెక్క రాకపోతే పూట గడవదు. నది దాటి ఎడ్లను కొనుక్కోవడానికి వెళ్లినవాడు, పత్తి అమ్మి కల్దార్లు తెచ్చుకున్నవాడు, అవతలి ఊళ్లో పిల్లనిచ్చిన తండ్రి, అందరికీ వట్టం, అంటే మార్పిడిలో పోయే తరుగు, ఎంతో తెలియాలి. సాహుకారు చేతిలో పెట్టిన రూపాయలను లెక్కపెడితే చాలదు, అవి ఏ రూపాయలో చూడాలి. ఇవాళ మన చేతికి వచ్చే అంకెలన్నీ ఒకే రకం రూపాయల్లో ఉంటాయి. అందుకే "ఏ రూపాయి?" అని అడిగే అలవాటు మనకు పోయింది. ఆ అలవాటు పోయినచోటే ఎక్కువ నష్టపోతున్నాం.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. తూకం ఒక్కటే చూసి తృప్తిపడకండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండికి కరువు వచ్చి, 1940 నుంచి బ్రిటిష్ ఇండియా సర్కారు తన రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. ఆరో జార్జి బొమ్మ ఉన్న ఆ రూపాయి తూకం పాతదే, 11.66 గ్రాములు. తక్కెడలో పెడితే ముల్లు కదలదు. కానీ లోపలి వెండి 5.83 గ్రాములే. ఒకే తూకం, ఒకే పేరు ఉన్న రెండు కల్దార్లలో ఒకదాంట్లో వెండి రెండోదాని కంటే దాదాపు అయిదు గ్రాములు తక్కువ. ఆ తేడా చెప్పేది నాణెం మీది సంవత్సరమే. చూపుకు చిన్నదైన చార్మినార్ రూపాయిలో ఈ పెద్ద కల్దార్ కంటే ఎక్కువ వెండి ఉంది. అందుకే చదవడం ముందు, తూచడం తర్వాత.

చార్మినార్ వైపు నుంచి మొదలుపెట్టండి

నాణేన్ని అంచుల దగ్గర పట్టుకోండి. బొటనవేలు మధ్యలో పెట్టి రుద్దకండి. పగటి వెలుతురులో, కింద మెత్తటి గుడ్డ పరిచి చూడండి. చేయి జారినా దెబ్బ తగలదు.

చార్మినార్ మధ్య కమాను లోపల ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. అది పాలకుడి పేరులోని మొదటి అక్షరం. మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది. ఐన్ అయితే 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. మన ప్రాంతపు ఇళ్లలో ఎక్కువగా దొరికేది ఐన్ ఉన్నదే. మీమ్ కొంచెం గుండ్రటి తలతో చిన్నగా ఉంటుంది, ఐన్ నోరు తెరుచుకున్న కొక్కెంలా వంకర తిరిగి ఉంటుంది. మీ బస్తీలో ఉర్దూ చదివినవారు ఎవరో ఒకరు తప్పక ఉంటారు. వారిని పిలిచి చూపించండి. ఒక్క నిమిషంలో తేల్చేస్తారు, పైగా వారికి కూడా అది సంతోషమే.

చుట్టూ ఉన్న అక్షరాలు నిజాం బిరుదులు: నిజాముల్‌ముల్క్ బహదూర్, ఆసఫ్ జా. వాటి దగ్గరే 92 అనే అంకె ఉంటుంది. చాలామంది దీన్ని సంవత్సరం అనుకుని తికమకపడతారు. అది సంవత్సరం కాదు. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువ ఇచ్చి కూడే పద్ధతిలో మహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం అది. రెండో వైపు ఒక రూపాయి అని విలువ, నాణెం ముద్రించిన చోటు, జులూస్ సంవత్సరం అంటే ఆ నిజాం గద్దెనెక్కి ఎన్నేళ్లయిందో ఆ లెక్క ఉంటాయి. ఊరి పేరును ఉత్త హైదరాబాద్ అని రాయకుండా గౌరవంగా ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అని రాశారు.

అసలైన తేదీ హిజ్రీ సంవత్సరం, నాలుగంకెలది. అంకెలు గుర్తుపట్టడం కష్టం కాదు. నిలువు గీత ఒకటి. ఉత్త చుక్క సున్న. తొమ్మిది మనం వాడే తొమ్మిదిలాగే ఉంటుంది. పైకి తెరుచుకున్న కోణం ఏడు, దాన్నే బోర్లిస్తే ఎనిమిది. రెండుకూ మూడుకూ నిలువు గీత పైన పళ్లు ఉంటాయి: ఒక వంపు ఉంటే రెండు, రెండు వంపులుంటే మూడు. మన చేతికొచ్చే చార్మినార్ నాణేలన్నీ పదమూడు వందల ఇరవై ఒకటి తర్వాతవే కాబట్టి మొదటి రెండంకెలు ఒకటి, మూడు అని ముందే తెలుసు. అక్కడి నుంచి మిగతా రెండు అంకెలు తేల్చుకోవచ్చు.

హిజ్రీని మన క్యాలెండరులోకి మార్చడానికి ఒక సులువైన దారి ఉంది. చాంద్రమాన సంవత్సరం మన సంవత్సరం కంటే పదకొండు రోజులు చిన్నది. అందుకని హిజ్రీ అంకెలో నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలపాలి. ఉదాహరణకు 1337 అని ఉంటే, నూటికి మూడు చొప్పున 40 తీసేస్తే 1297, దానికి 622 కలిపితే 1919. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు. అంటే మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసిన రోజులు, వెండి దొరకడం కష్టమై హైదరాబాద్ సర్కారు 1918లో కాగితపు నోట్లు మొదలుపెట్టిన రోజులు. సందుకలో పడి ఉన్న వెండి ముక్క అవ్వ పుట్టక ముందు నుంచీ ఉందో, ఆమె పెళ్లినాటిదో ఈ చిన్న లెక్కతో తెలుస్తుంది.

ఆ నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా ఉండేవి. వెండి నాణెం మీద మాత్రం ఒక్క తెలుగు అక్షరం లేదు. రాజ్యంలో అత్యధికులు మాట్లాడే భాషకు రూపాయి మీద చోటు దొరకలేదు. నాకు ఇది బాధ కలిగించే విషయం. అక్షరం ఆసరా లేకపోయినా మన పెద్దలు బొమ్మను బట్టి, ఎత్తును బట్టి, రాతి మీద వేస్తే వచ్చే మోతను బట్టి నాణేన్ని గుర్తుపట్టారు. అదీ ఒక చదువే.

మీ దగ్గరున్న నాణెం మీద చార్మినార్ లేకుండా, గుండ్రంగా కూడా లేకుండా, అక్షరాలు అంచుల దగ్గర తెగిపోయి ఉంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోండి. అది సుత్తెతో కొట్టి చేసిన పాత నాణెం కావచ్చు. ఆసఫ్‌జాహీలు 1857 వరకు మొగలు చక్రవర్తి పేరు మీదే నాణేలు కొట్టించారు. ఆ తర్వాతే తమ పేరు వేసుకున్నారు. ఆ కాలంలో గద్వాల, నారాయణపేట, వనపర్తి వంటి చోట్ల కూడా టంకశాలలు ఉండేవి. ఒక్కో ఊరి రూపాయికి ఒక్కో మేలిమి, ఒక్కో వట్టం. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్నప్పుడు ఈ గందరగోళాన్ని సరిదిద్ది, ముద్రణను హైదరాబాద్‌కు తెచ్చాడు. 1903లో సైఫాబాద్‌లో కొత్త టంకశాల వచ్చింది. యంత్రాల మీద ముద్రించిన చార్మినార్ రూపాయి ఆ వెంటనే బయటికి వచ్చింది.

తక్కెడ దగ్గర

ఇప్పుడు తూచండి. నగల అంగడిలో మిల్లీగ్రాములు చూపించే తక్కెడ ఉంటుంది. తెలిసిన అంగడిలో, కొనుగోలు అమ్మకాల మాటే ఎత్తకుండా, తూకం మాత్రం అడగండి. హాలీ రూపాయి 11.18 గ్రాములకు దగ్గరగా ఉండాలి. చేతులు మారి అరిగితే కొంచెం తగ్గుతుంది. చాలా తక్కువున్నా, అసలు కంటే ఎక్కువున్నా అనుమానించాలి. అయస్కాంతం అంటుకుంటే అది వెండి కాదు. ఉపరితలం మీద సన్నటి రంధ్రాలు, అంచు చుట్టూ అతుకు గీత ఉంటే అచ్చులో పోసిన నకిలీ కావచ్చు. మనం ఇప్పటికీ నోటితో అనే తులం, పాతకాలంలో ఒక కల్దార్ ఎత్తే: 11.66 గ్రాములు. ఇప్పుడు అంగడిలో తులం అంటే పది గ్రాములే. తూకం అడిగేటప్పుడు గ్రాముల్లో అడిగి గ్రాముల్లోనే రాసుకోండి.

వెండి విలువ ఎంతో ఇప్పుడు మీరే కట్టగలరు. తూకాన్ని 0.818తో హెచ్చించి, ఆ రోజు గ్రాము వెండి ధరతో హెచ్చించండి. ఉదాహరణకు గ్రాము వంద రూపాయలుంటే, అరగని హాలీ రూపాయిలో వెండి విలువ 914 రూపాయలు. అంగడివాడు కరిగింపు ఖర్చు, తన లాభం తీసుకుంటాడు, అది అతని హక్కు. అయితే 11.18 గ్రాములకూ మేలిమి వెండి ధర ఇవ్వమని మీరు పట్టుబట్టడం సరికాదు, 9 గ్రాముల వెండి ఉన్న నాణేన్ని కలగూర లోహమని చెప్పి సగం ధరకు లాక్కోవడం అతనికీ సరికాదు. అర్ధ రూపాయి, చారణా, రెండణాల వెండి నాణేలకు కూడా ఇదే లెక్క. చారణా, అంటే పావలా, 2.79 గ్రాములు, అదే మేలిమి. నాలుగు చారణాలు కలిపితే సరిగ్గా రూపాయి వెండి వస్తుంది.

ఇది కనీస విలువ. సేకరించేవారు ఇచ్చే ధర వేరు. అది సంవత్సరాన్ని బట్టి, ఎంత తక్కువగా ముద్రించారన్నదాన్ని బట్టి, నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. చార్మినార్ రూపాయలు లక్షల్లో ముద్రించారు కాబట్టి, ఎక్కువ వాటికి సేకరణ ధర వెండి ధరకు మరీ ఎక్కువేమీ ఉండదు. ఈ నిజం ముందే తెలిస్తే ఆశ పెరగదు, మోసమూ జరగదు.

దండకు గుచ్చడానికి కొక్కెం అతికించిన రూపాయలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. గోండు, లంబాడా ఆడబిడ్డల నగల్లో వాటిని చూస్తాం. సేకరించేవారి దృష్టిలో కొక్కెం నాణెం విలువను తగ్గిస్తుంది. ఆ మాట విని ఎవరూ కొక్కెం ఊడబీకకండి. ఊడబీకితే మచ్చ మిగులుతుంది, దండా పోతుంది. ఒక అవ్వ మెడలో నలభై ఏళ్లు ఉన్న దండ నాణేల కంటే గొప్ప వస్తువని నా అభిప్రాయం. దాన్ని దండగానే ఉంచండి.

శుభ్రం చేసే మాటే వద్దు. చింతపండు, ముగ్గుపిండి, టూత్‌పేస్టు, నిమ్మకాయ, ఏదీ వాడకండి. బొగ్గుల పొయ్యి మండిన బొగ్గుబాయి కాలనీ ఇళ్లలో వెండి తొందరగా నల్లబడుతుంది. గాలిలోని గంధకపు వాయువులు వెండి పైపొరతో కలిసి ఆ నలుపు వస్తుంది. అది మురికి కాదు. గీకితే పైపొర వెండి పోతుంది, సన్నటి గీతలు పడతాయి, సేకరించేవారి ధర ఆ రోజుతో పోతుంది. పొడి నూలు గుడ్డలో కానీ మంచి కాగితంలో కానీ చుట్టి పెట్టండి. రబ్బరు బ్యాండు, మెత్తటి జిగురు ప్లాస్టిక్ కవరు రెండూ వెండికి పడవు.

చారణా కోడికి బారణా మసాలా

ఫోన్లో ఒక వీడియో వస్తుంది: మీ దగ్గర ఈ నాణెం ఉంటే లక్షలు. కింద నంబరు ఉంటుంది. ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడతారు, ఫొటో పంపమంటారు, నాణెం అరుదైనదంటారు, ధర ఖాయం చేస్తారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు. తర్వాత జీఎస్టీ అంటారు. తర్వాత రిజర్వ్ బ్యాంకు అనుమతి రుసుము అంటారు. నాణెం మీ చేతిలోనే ఉంటుంది, డబ్బు మాత్రం మీ ఖాతా నుంచి పోతూ ఉంటుంది. చారణా కోడికి బారణా మసాలా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే దీనిపై హెచ్చరిక జారీ చేసింది: పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకు ఎలాంటి సంబంధం లేదని, ఎలాంటి రుసుమూ కమీషనూ అడగమని, తమ తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని. ఆ ఒక్క మాట గుర్తుంటే చాలు. కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు. మీరు అమ్ముతున్నప్పుడు మీ దగ్గర డబ్బు అడిగినవాడు కొనేవాడు కాదు.

రిటైరైన వెంటనే ఇలాంటి ఫోన్లు ఎందుకు పెరుగుతాయో బొగ్గుబాయిలో పనిచేసినవారికి నేను చెప్పనక్కర్లేదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన కాలం నుంచి యంత్రాల కాలం దాకా మస్టర్ మస్టర్, అంటే ఒక్కో రోజు హాజరుతో, కూడబెట్టిన సొమ్ము ఒక్కసారిగా గ్రాట్యుటీ రూపంలో, పీఎఫ్ రూపంలో చేతికొస్తుంది. చుట్టూ ఉన్నవారికి ఆ సంగతి తెలుస్తుంది. ప్లాట్లు, చిట్టీలు, నెలకింత అని రాబడి హామీ ఇచ్చే పథకాలు, అన్నీ అప్పుడే గడప తొక్కుతాయి. వాటి ముందు కూడా హాలీ ప్రశ్నే వేయాలి: ఈ అంకె వెనక అసలు వెండి ఎంత?

ఒక్క ఉదాహరణ చాలు. ఎవరో మీకు లక్ష రూపాయలు అప్పు ఇస్తూ, నూటికి పన్నెండే వడ్డీ, ఏడాదిలో నెల నెలా కట్టండి అన్నారనుకుందాం. లక్షకు పన్నెండు వేలు కలిపి, పన్నెండు నెలలకు పంచితే నెలకు 9,333 రూపాయలు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మొదటి నెల నుంచే మీరు అసలు కూడా తీరుస్తున్నారు. ఆరో నెల వచ్చేసరికి మీ దగ్గర ఉన్నది లక్షలో సగం, వడ్డీ మాత్రం పూర్తి లక్షకు కడుతున్నారు. నిజమైన వడ్డీ లెక్క కడితే ఏడాదికి నూటికి ఇరవై ఒకటి దాటుతుంది. పేరు పన్నెండు, లోపలిది ఇరవై ఒకటి. బ్యాంకులో తగ్గే అసలు మీద పన్నెండు అంటే అది వేరే పన్నెండు. వార్ధా నదికి ఇటూ అటూ ఉన్న రెండు రూపాయలంత తేడా కాదు ఇది, అంతకంటే చాలా ఎక్కువ. అడగండి: తగ్గే అసలు మీదా, మొత్తం అసలు మీదా? ఆ మాట రాసిచ్చేవరకు సంతకం పెట్టకండి.

రాసిపెట్టని నాణెం

పెద్దపల్లి దాటి గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది, జగిత్యాల జిల్లాలో. అక్కడ నేల మీద దొరికిన చిన్న చిన్న నాణేలు మన చరిత్రనే మార్చాయి. శాతవాహనుల కంటే ముందు అక్కడ పాలించిన గోబద, నారన, సమగోపల పేర్లు, శాతవాహన వంశానికి మూలపురుషుడైన చిముకుని పేరు ఆ నాణేల వల్లే ఆ ఊరితో ముడిపడ్డాయి. అవి వెండివి కూడా కావు, ఎక్కువ రాగివి, సీసానివి. లోహం విలువ చూస్తే కొన్ని రూపాయలు. కానీ అవి ఫలానా చోట దొరికాయని తెలియడం వల్ల శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణలో వెతకడానికి ఆధారం దొరికింది. అవే నాణేలు ఎక్కడివో చెప్పకుండా ఏ నగరపు అంగడిలోనో అమ్ముడుపోయి ఉంటే ఆ ఆధారం పోయేది.

మీ నాణేనికీ ఇదే వర్తిస్తుంది. ఎవరిది, ఎలా వచ్చింది, ఎక్కడ దాచారు, ఈ మూడూ తెలిసినవారు బతికుండగానే అడిగి రాసుకోవాలి. అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "అవ్వా, ఇది అమ్మితే ఎంతొస్తది?" అని అడిగితే ఆమె నోరు మూసుకుంటుంది, మూట మళ్లీ సందుకలోకి పోతుంది. "అవ్వా, ఇది నీకు ఎవరిచ్చిండ్రు?" అని అడగండి. పుట్టింటివారా, మొదటి జీతం తెచ్చిన తాతనా, పంట అమ్మిన డబ్బా, ఆ కథ ఆమే చెబుతుంది. మధ్యలో ఆపకండి. ఫోన్లో రికార్డు చేసుకోవడానికి ఆమె ఒప్పుకుంటే చేసుకోండి. 1948 పోలీసు చర్య తర్వాత, 1950లో భారత రూపాయి ఇక్కడికి వచ్చి, కొన్నేళ్లు రెండూ ఏడుకు ఆరు లెక్కన కలిసి నడిచి, హాలీ నెమ్మదిగా పోయింది. ఆ మార్పిడి రోజుల్లో ఇంట్లో ఉన్న రూపాయలన్నీ మార్చుకుని ఈ ఒక్కటి ఎందుకు దాచారో ఆమెకే తెలుసు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. ఇంట్లో ఉంచుకోవడంలో తప్పు లేదు. కానీ దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కొడుకుకో, గల్ఫ్‌లో ఉన్న అల్లుడికో జ్ఞాపకంగా సూట్‌కేసులో పెట్టి పంపాలని చాలామంది అనుకుంటారు. పంపకండి. వ్యాపారంగా పురావస్తువులు అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, కాబట్టి ఎవరికైనా అమ్మే ముందు వారి లైసెన్సు చూపించమని అడగండి. ఇక పొలం దున్నేటప్పుడో పునాది తవ్వేటప్పుడో నేలలో కుండలో నాణేలు దొరికితే అవి తాత ఆస్తి కావు. రెవెన్యూ అధికారులకు తెలియజేయాలి. కుండను కదిలించకుండా, నాణేలు పంచుకోకుండా ఉంటే అవి ఏ కాలానివో పురావస్తు శాఖ చెప్పగలదు.

ఇంట్లో ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు, రెండు రూపాయలు ఉన్నాయనుకుందాం. అమ్మి మూడు వాటాలు వేస్తే ఒక్కొక్కరికి వచ్చేది కొన్ని రోజుల కూరగాయల ఖర్చు. ఎవరికి దాని మీద ఎక్కువ ఇష్టం ఉందో, ఎవరు దాన్ని జాగ్రత్తగా చూసుకుంటారో వారికే ఇవ్వండి, మిగతా ఇద్దరికి అదే విలువకు ఇంకో వస్తువు ఇవ్వండి. ఆడపిల్ల అని తప్పించకండి. చాలా ఇళ్లలో ఈ రూపాయలు వచ్చిందే ఆడబిడ్డల పుట్టింటి నుంచి.

చీటీ ఒక అరపేజీ ఉంటే సరిపోతుంది. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "ఉస్మానియా హాలీ రూపాయి. చార్మినార్ కమానులో ఐన్. హిజ్రీ 1337. తూకం 11.05 గ్రాములు. కొక్కెం లేదు, శుభ్రం చేయలేదు. అమ్మమ్మకు ఆమె తల్లి ఇచ్చింది. బియ్యం డబ్బాలో దాచేది." కింద తేదీ, చెప్పినవారి పేరు, రాసినవారి పేరు. రెండు ప్రతులు రాసి ఒకటి నాణెంతో, ఒకటి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టండి. ఫోన్ ఫొటో ఒక్కటే నమ్ముకోకండి, ఫోన్లు పోతాయి. హైదరాబాద్ వెళ్లే పని పడితే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో నాణేల గది చూడండి. సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో ప్రారంభమైన నాణేల మ్యూజియం కూడా చూడండి, మీ ఇంటి రూపాయి పుట్టిన చోటు అదే. పిల్లలను వెంట తీసుకెళ్లండి. నాణెం ఇంట్లోనే ఉంచి, చీటీ మాత్రం జేబులో పెట్టుకెళ్లండి.